వన్‌వే టికెట్, టూరిస్ట్ వీసా: కౌంటర్ దగ్గర ఏ టికెట్ చూపిస్తే పని జరుగుతుంది?

రాత్రి పదిన్నర. శంషాబాద్ ఎయిర్‌పోర్టు. బ్యాంకాక్ విమానం పన్నెండున్నరకి. నా వంతు వచ్చింది, పాస్‌పోర్టు ఇచ్చాను. కౌంటర్లో అమ్మాయి కీబోర్డు మీద టకటకా ఏదో కొట్టి, "సర్, రిటర్న్ టికెట్?" అంది.

"రిటర్న్ లేదండి. కొన్ని రోజులు అక్కడుండి, రైల్లో మలేషియా వెళ్తాను. అక్కడి నుంచి ఇంటికి."

"ఆ రైలు టికెట్ చూపించండి."

"అక్కడికెళ్లాక కొంటాను."

ఆమె స్క్రీన్ వైపు చూసింది, నా వైపు చూసింది, వెనక నిలబడ్డ సూపర్‌వైజర్ వైపు చూసింది. "కాస్త పక్కకు నిలబడండి సర్" అన్నారు. పక్కకు నిలబడటం అంటే ఏంటో ఆ రోజే తెలిసింది. లైన్లో ఉన్నవాళ్లంతా మనం ఏదో చేసి దొరికిపోయినట్టు చూస్తుంటారు.

ఫోన్ తీసి ఎయిర్ ఏషియా యాప్‌లో బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి టికెట్ వెతికాను. దొరికింది. డబ్బు కట్టబోతే కార్డు పనిచేయలేదు. 2020 నుంచి రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం కొత్తగా ఇచ్చే కార్డుల్లో విదేశీ లావాదేవీలు ముందే ఆపేసి ఉంటాయి, మనమే బ్యాంకు యాప్‌లోకి వెళ్లి ఆన్ చేసుకోవాలి. నాకు ఆ సంగతి తెలుసు. చేసుకోలేదు, అంతే. బ్యాంకు యాప్ తెరిచి, పాస్‌వర్డ్ గుర్తు రాక, మార్చుకుని, ఓటీపీ కోసం ఫోన్ వైపు చూస్తూ నిలబడి, మొత్తానికి ఐదు వేల చిల్లర పెట్టి టికెట్ కొన్నాను. బోర్డింగ్ పాస్ చేతికి వచ్చేసరికి పదకొండూ ఇరవై. మరో పది నిమిషాల్లో కౌంటర్ మూసేస్తారు. డబ్బులు ఎలాగూ పోశాను కదా అని రైలు మానేసి ఆ విమానమే ఎక్కాను.

ఆ తర్వాత బంధువులకూ స్నేహితులకూ ఇదే విషయంలో చాలాసార్లు సలహా చెప్పాల్సి వచ్చింది. వన్‌వే టికెట్‌తో వెళ్లొచ్చా అని అడుగుతారు. చాలా దేశాలకు వెళ్లొచ్చు. కాకపోతే ఆ దేశంలోంచి ఎప్పుడు, ఎలా బయటికొస్తారో చూపించే కాగితం ఒకటి చేతిలో ఉండాలి. ఆ కాగితం ఎన్నో రకాలుగా సంపాదించవచ్చు. ఏ రకం ఎవరికి పనికొస్తుందన్నదే ఇక్కడ చెప్పాలనుకున్నది.

అడిగేవాళ్లు ముగ్గురు

చాలామంది భయపడేది దిగాక ఎదురయ్యే ఆఫీసర్ గురించి. నిజానికి ఎక్కువమంది ఆగిపోయేది ఎక్కేచోటే.

మొదట అడిగేది ఎయిర్‌లైన్. ప్రవేశార్హత లేని ప్రయాణికుణ్ణి తీసుకెళ్తే, ఆ మనిషిని వెనక్కి తీసుకొచ్చే బాధ్యత ఎయిర్‌లైన్ మీదే పడుతుంది, చాలా దేశాల్లో జరిమానా కూడా వేస్తారు. అందుకే కౌంటర్ సిబ్బంది టిమాటిక్ అనే డేటాబేస్ చూస్తారు. ఏ పాస్‌పోర్టు వాళ్లు ఏ దేశానికి వెళ్లాలంటే ఏమేం ఉండాలో అందులో ఉంటుంది. 'తిరుగు లేదా ముందుకెళ్లే (అంటే అక్కడి నుంచి మరో దేశానికి వెళ్లే) టికెట్ ఉండాలి' అని అక్కడ ఒక్క లైను కనబడితే చాలు, మీ రైలు ప్లాను ఎంత బాగున్నా వాళ్లకు అనవసరం. ఆ అమ్మాయి మీద కోపం తెచ్చుకుని లాభం లేదు. తనకు కనబడిన లైనే తను చదువుతుంది.

రెండోది మన ఇమిగ్రేషన్. ఇక్కడే మన తెలుగువాళ్లు ఎక్కువగా తెలియక ఇరుక్కునే విషయం ఒకటుంది. పాస్‌పోర్టు చివరి పేజీల్లో, అడ్రసు ఉన్నచోట, ఈసీఆర్ ముద్ర (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్, అంటే వలస తనిఖీ అవసరమన్న గుర్తు) ఉందేమో చూసుకోండి. పదో తరగతి పాసైనట్టు సర్టిఫికెట్ పెట్టని వాళ్లకు సాధారణంగా ఇది పడుతుంది. ఈ ముద్ర ఉన్నవాళ్లు ఈసీఆర్ జాబితాలోని 18 దేశాలకు ఉద్యోగం కోసం కాకుండా చూడటానికి వెళ్లినా సరే, చెల్లే వీసాతో పాటు తిరుగు టికెట్ చూపించాలి. ఆ జాబితాలో గల్ఫ్ దేశాలే ఉంటాయని అందరూ అనుకుంటారు. థాయ్‌లాండ్, మలేషియా, ఇండోనేషియా కూడా ఉన్నాయి. అంటే ఈసీఆర్ పాస్‌పోర్టుతో బ్యాంకాక్ వెళ్లే మనిషి దగ్గర బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్ టికెట్ ఉన్నా చాలదు. ఇండియాకి తిరిగొచ్చే టికెట్టే కావాలి. ఇలాంటి వాళ్లు కింద చెప్పే మిగతా దారులన్నీ వదిలేసి రానూపోనూ టికెట్ కొనుక్కోండి. వయసు 50 దాటినవాళ్లు, ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, పదో తరగతి పాసైనవాళ్లు పాస్‌పోర్టు మళ్లీ తీసుకునేటప్పుడు ఈసీఆర్ తీయించుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ పని ముందే చేయించి పెట్టడం మంచిది.

పాతికేళ్ల కుర్రాడు ఒక్కడే, వన్‌వే మీద బ్యాంకాక్ వెళ్తుంటే మన ఆఫీసర్లు కాసేపు ఎక్కువ ప్రశ్నలడుగుతారు. దానికీ కారణం ఉంది. 2024లో విశాఖపట్నం పోలీసులు కంబోడియా వ్యవహారాన్ని బయటపెట్టారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్లను తీసుకెళ్లి, అక్కడ బంధించి సైబర్ మోసాలు చేయించేవాళ్లు. అలా వెళ్లినవాళ్లలో చాలామంది చేతిలో ఉన్నది టూరిస్ట్ వీసాయే. ఎక్కువ ప్రశ్నలు వేస్తే విసుక్కోకండి.

మూడోవాడు అక్కడి ఆఫీసర్. ఆయనకు టికెట్ ఒక్కటే కాదు, మనిషి చెప్పే మాటా టికెట్టూ కలుస్తున్నాయా అన్నది కావాలి. 'వారం రోజులు' అని చెప్పి రెండు నెలల తర్వాత తేదీ ఉన్న టికెట్ చూపిస్తే, అసలు టికెట్ లేనివాడికన్నా ఎక్కువ అనుమానం వస్తుంది.

ఏ టికెట్ ఎంత పని చేస్తుంది

రానూపోనూ టికెట్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ముగ్గురికీ నచ్చుతుంది. ఒకే పీఎన్ఆర్ కాబట్టి కౌంటర్లో అడగను కూడా అడగరు, స్క్రీన్ మీదే కనిపిస్తుంది. తిరుగు తేదీ తెలిసినవాళ్లకు ఇంకో ఆలోచనే అక్కర్లేదు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: ఈ రకం టికెట్లో వెళ్లేటప్పటి విమానం ఎక్కకపోతే తిరుగుది కూడా మామూలుగా రద్దవుతుంది. తిరుగుది వదిలేస్తే మాత్రం పోయేది ఆ డబ్బే.

తేదీ మార్చుకునే రకం రానూపోనూ టికెట్ తిరుగు తేదీ తెలియనివాళ్ల కోసం. ఇక్కడ మాటల గారడీ ఉంటుంది, జాగ్రత్త. 'డేట్ చేంజ్ ఫ్రీ' అంటే మార్చినందుకు ఫీజు లేదని మాత్రమే. కొత్త తేదీన టికెట్ ధర ఎక్కువగా ఉంటే ఆ తేడా మనమే కట్టాలి. నవంబర్లో కొన్న టికెట్‌ని డిసెంబర్ ఆఖరుకో, మే సెలవులకో మార్చబోతే ఆ తేడా చూసి కళ్లు తిరుగుతాయి. అందుకే తిరుగు తేదీ వేసేటప్పుడు రద్దీ ఉన్న రోజుల్లోనే వేసి, తర్వాత ఖాళీ రోజులకు మార్చుకోవడం తెలివైన పని. ధర తగ్గినా డబ్బు వెనక్కి రాకపోవచ్చు గానీ, అదనంగా కట్టే పని ఉండదు. ఏజెంటు దగ్గర కొంటే మార్పు కూడా ఆ ఏజెంటు ద్వారానే చేయించాలి, పైన వాళ్ల చార్జీ ఒకటి. పెద్దవాళ్లు వెళ్తుంటే ఎయిర్‌లైన్ సైట్లోనే నేరుగా కొనండి, రెండు వేలు ఎక్కువైనా సరే.

ఇక వన్‌వే ప్రయాణికులు ఎక్కువగా చూసుకునేది, నా దృష్టిలో ఆగ్నేయాసియాకి సరిపోయేది, చౌకగా దొరికే ముందుకెళ్లే టికెట్. అంటే మీరు దిగే దేశం నుంచి పక్క దేశానికి ఒక వన్‌వే. ఎయిర్ ఏషియా, స్కూట్, ఇండిగో లాంటి చౌక విమానాల్లో రానూపోనూ ధర అంటే రెండు వన్‌వేల మొత్తమే. కలిపి కొన్నంత మాత్రాన తగ్గేదేమీ ఉండదు. కాబట్టి వెళ్లేది ఒకటి, బయటపడేది ఒకటి విడివిడిగా కొన్నా నష్టం లేదు. బ్యాంకాక్‌లో దిగి, కౌలాలంపూర్ తిరిగి, అక్కడి నుంచి హైదరాబాద్ వచ్చే ప్లాను ఉంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

కానీ ఇందులో రెండు గుంటలున్నాయి. మొదటిది: మీరు చూపించే ఆ పక్క దేశంలోకి మీరు వెళ్లగలగాలి. బ్యాంకాక్ నుంచి సింగపూర్ టికెట్ చౌకగా దొరికిందని కొన్నారనుకోండి. భారత పాస్‌పోర్టుకి సింగపూర్ వీసా కావాలి. కౌంటర్లో "సింగపూర్ వీసా చూపించండి" అంటే ఆ టికెట్ ఉన్నా లేనట్టే. మలేషియా 2023 డిసెంబర్ 1 నుంచి మనకు 30 రోజులు వీసా లేకుండా రానిస్తోంది కాబట్టే కౌలాలంపూర్ టికెట్ అంత బాగా పనిచేస్తుంది. రెండోది: దేశం దాటాలి. బాలిలో దిగి జకార్తాకి టికెట్ చూపించిన మనిషిని నేను చూశాను. జకార్తా కూడా ఇండోనేషియానే మహాశయా అని ఆయనకు చెప్పాల్సి వచ్చింది.

పూర్తి రీఫండ్ వచ్చే టికెట్ కొని, దిగాక రద్దు చేసుకోవడం ఇంకో దారి. చేతిలో క్రెడిట్ కార్డు లిమిట్ ఉన్నవాళ్లకు బాగానే ఉంటుంది. ధర రెండు మూడు రెట్లుంటుంది, అయితే ఏంటి, వెనక్కొస్తుంది కదా అనుకుంటాం. వస్తుంది, కానీ రావడానికి రోజులు పడుతుంది. వేరే దేశం కరెన్సీలో కట్టి ఉంటే రేటు తేడా వస్తుంది, విదేశీ కరెన్సీకి బ్యాంకు అదనంగా వేసుకున్న ఫారెక్స్ మార్కప్ తిరిగి రాకపోవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, 'రీఫండబుల్' అన్న మాట కింద చిన్న అక్షరాలు చదవండి. కొన్నిట్లో తిరిగొచ్చేది డబ్బు కాదు, ఆ ఎయిర్‌లైన్‌లోనే వాడుకోవాల్సిన క్రెడిట్. అమెరికాకి వెళ్లే, అమెరికా నుంచి వచ్చే విమానాలకు మాత్రం అక్కడి రవాణా శాఖ నియమం ఒకటుంది: ప్రయాణానికి కనీసం ఏడు రోజుల ముందు ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా బుక్ చేస్తే, 24 గంటల్లోపు రద్దు చేసుకునే వీలో, డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ ధర పట్టి ఉంచే వీలో ఇవ్వాలి. ఒక్క రోజు వెసులుబాటు, అంతకు మించి దాని మీద ఆధారపడలేం. మైల్స్ (తరచూ తిరిగేవాళ్లకు ఎయిర్‌లైన్ ఇచ్చే పాయింట్లు) పోగేసుకున్నవాళ్లు మైల్స్‌తో బుక్ చేసి తర్వాత చిన్న ఫీజుతో రద్దు చేసుకుంటారు. అదీ ఈ కోవలోదే, నాకైతే రీఫండ్ టికెట్ కన్నా అదే నచ్చుతుంది.

బస్సు, రైలు టికెట్లు? బ్యాంకాక్ నుంచి లావోస్ రాజధాని వియంటియాన్‌కి 2024 జూలై నుంచి నేరుగా రైలుంది. దక్షిణాన పాదాంగ్ బెసార్ దగ్గర రైలు మార్గం మలేషియాలోకి వెళ్తుంది. సింగపూర్, జోహోర్ బారు మధ్య బస్సులు తిరుగుతూనే ఉంటాయి. దేశం దాటే మాటైతే ఇవీ నిజమైన టికెట్లే. అయినా కౌంటర్లో ఉన్నవాళ్లకు విమానం టికెట్ చూడటమే అలవాటు. రైలు టికెట్ కాగితం చూపిస్తే మళ్లీ ఆ సూపర్‌వైజర్నే పిలుస్తారు. ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. రాత్రి పదకొండింటికి ఆ పరీక్ష ఎందుకు? రైల్లో వెళ్లాలన్న సరదా ఉంటే వెళ్లండి, కానీ చేతిలో ఒక విమానం టికెట్ కూడా ఉంచుకోండి.

ఇక డమ్మీ టికెట్. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే సలహా అడిగేవాళ్లలో సగం మంది చివరికి ఇక్కడికే వస్తారు. 'వెయ్యి రూపాయలకి టికెట్ ఇస్తామంటున్నారు, తీసుకోనా?' అని.

డమ్మీ అన్న ఒకే పేరు కింద మూడు వేర్వేరు సరుకులు అమ్ముడవుతాయి. ఒకటి, పీడీఎఫ్‌లో పేరూ తేదీ మార్చి ఇచ్చేది. అది ఫోర్జరీ. దాని గురించి చర్చే అనవసరం. రెండోది, బుకింగ్ చేసి డబ్బు కట్టకుండా ఆపిన రిజర్వేషన్. ఆరక్షరాల పీఎన్ఆర్ ఉంటుంది, ఎయిర్‌లైన్ సైట్లో వెతికితే మీ పేరు కూడా కనిపిస్తుంది. కానీ టికెట్ నంబర్ ఉండదు. అసలు టికెట్‌కి 13 అంకెల నంబర్ ఉంటుంది, మొదటి మూడు అంకెలు ఎయిర్‌లైన్‌వి: ఎయిర్ ఇండియా అయితే 098, ఎమిరేట్స్ అయితే 176, సింగపూర్ ఎయిర్‌లైన్స్ అయితే 618. ఇలాంటి పెద్ద ఎయిర్‌లైన్స్ టికెట్ చూపించి ఆ నంబర్ లేకపోతే, కౌంటర్లో అనుభవమున్న మనిషి ఒక్క చూపులో పట్టేస్తాడు. మూడోది, నిజంగానే డబ్బు కట్టి టికెట్ తీసి, రెండు రోజులకో వారానికో వాళ్లే రద్దు చేసుకునేది. అద్దె టికెట్ అనుకోండి. కాగితం నిజమైనదే. కానీ మీరు విమానం ఎక్కేలోగా వాళ్లు రద్దు చేశారా లేదా అన్నది మీ చేతిలో లేదు. విమానం నాలుగు గంటలు ఆలస్యమైతే, దిగేసరికి మీ చేతిలో ఉన్నది రద్దయిన టికెట్ కావచ్చు.

రిజర్వేషన్ కాగితం అసలెక్కడా పనికిరాదా అంటే, ఒకచోట దర్జాగా పనికొస్తుంది. చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే షెంజెన్ వీసాకి దరఖాస్తు చేసేటప్పుడు. వీసా రాకముందే టికెట్ కొనొద్దు, రిజర్వేషన్ చాలని చాలా కాన్సులేట్లే చెబుతాయి. అక్కడ అది మోసం కాదు, వాళ్లడిగిందే ఇస్తున్నాం. అదే కాగితం పట్టుకుని ఎయిర్‌పోర్టుకి వెళ్లడం మాత్రం వేరే సంగతి. ఆఫీసర్ "ఈ తేదీకి వెళ్లిపోతున్నారా?" అని అడిగితే 'అవును' అనాలి, ఆ టికెట్ రేపటికి ఉండదని మీకు తెలుసు. పట్టుబడితే ఆ విమానం పోవడం చిన్న నష్టం. ప్రవేశం నిరాకరించి వెనక్కి పంపితే, ఆ తర్వాత ఎన్నో వీసా ఫారాల్లో 'ఏ దేశమైనా మీకు ప్రవేశం నిరాకరించిందా?' అన్న ప్రశ్న దగ్గర 'అవును' అని టిక్ పెట్టాల్సి వస్తుంది. వెయ్యి రూపాయల కోసం అంత మచ్చ దేనికి? పైగా ఆ వెయ్యికి ఇంకో మూడు నాలుగు వేలు కలిపితే కౌలాలంపూర్‌కి సొంత టికెట్టే వస్తుంది.

ఎవరికి ఏది

థాయ్‌లాండ్, మలేషియా, బాలి తిరిగే కుర్రకారుకి నా ఓటు చౌక ముందుకెళ్లే టికెట్‌కే. థాయ్‌లాండ్ 2023 నవంబర్లో మనకు వీసా అక్కర్లేదంది, 2024 జూలైలో గడువు 60 రోజులకు పెంచింది. ఇలాంటి గడువులు ప్రభుత్వాల ఇష్టాన్ని బట్టి మారిపోతుంటాయి కాబట్టి బయలుదేరే వారం ఎంబసీ సైటు చూసుకోండి, ఆర్నెల్ల నాటి వీడియో చూసి కాదు. ఇండోనేషియాలో దిగాక వీసా ఇస్తారు, ఐదు లక్షల రూపాయలు. కంగారు పడకండి, మన రూపాయలు కాదు, వాళ్ల రుపియా. 30 రోజులు, మరోసారి 30 రోజులు పొడిగించుకోవచ్చు. తిరుగు లేదా ముందుకెళ్లే టికెట్ అడుగుతారు. వియత్నాం ఈ-వీసా మీద గడువు తేదీలు అచ్చయి ఉంటాయి, 90 రోజుల వరకు ఇస్తారు. ఆ తేదీల లోపు బయటపడే టికెట్ ఉంటే కౌంటర్లో మాట తొందరగా తెగిపోతుంది.

గల్ఫ్ సంగతి వేరు. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏజెంట్ల నోట వినే మాట ఒకటుంది: "విజిట్ వీసా మీద పోదువు, ఆడ పోయినంక మార్చుకుందాం." టికెట్ వన్‌వే, చూపించడానికి చేతిలో ఒక డమ్మీ. దుబాయ్‌లో దిగాక హోటల్ బుకింగ్, ఖర్చుకు డబ్బు, తిరుగు టికెట్ అడుగుతారు, అవి లేక వెనక్కి వచ్చినవాళ్లున్నారు. లోపలికి వెళ్లినా గడువు దాటితే రోజుకి 50 దిర్హాముల జరిమానా. అలా రోజులు పేరుకుపోయి కాగితాలు లేకుండా మిగిలిపోయిన వాళ్లనే మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. ఆ మాట ఆ ఇళ్లలో ఎంత బరువుగా పలుకుతారో విన్నవాళ్లకు తెలుసు. నిజంగా చూసి రావడానికే వెళ్తుంటే రానూపోనూ టికెట్ కొనండి. పనికోసమే వెళ్తుంటే అది టికెట్ ఎంపిక సమస్యే కాదు. ఉద్యోగ వీసా, ప్రభుత్వ వెబ్‌సైటు ఈ-మైగ్రేట్‌లో నమోదు, దాంతో వచ్చే ప్రవాసీ భారతీయ బీమా, అదే దారి. పది లక్షల బీమాకి రెండేళ్లకి కట్టేది 275 రూపాయలు. ఏజెంటు దాని గురించి మాట్లాడకపోతే ఎందుకు మాట్లాడటం లేదో అడగండి.

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే అమ్మానాన్నలు. ఇక్కడ విచిత్రం ఏంటంటే, చూడటానికి వెళ్లేవాళ్లకిచ్చే బీ2 వీసాకి తిరుగు టికెట్ తప్పనిసరి అన్న నియమం లేదు. వన్‌వేతో వెళ్లినవాళ్లు బోలెడంతమంది ఉన్నారు. అయినా నేను వన్‌వే కొనమని చెప్పను, రెండు కారణాలకి. మొదటిది డబ్బు. ఎమిరేట్స్, ఖతార్ లాంటి పెద్ద ఎయిర్‌లైన్స్‌లో అమెరికాకి వన్‌వే ధర చాలాసార్లు రానూపోనూ ధరకి దగ్గరగా ఉంటుంది. సగం ధరకి వస్తుందని ఆశపడి చూసినవాళ్లు నిరాశపడతారు. రెండోది ఆ దిగేచోట జరిగే మాటలు. పద్నాలుగు పదిహేను గంటలు కూర్చుని, కాళ్లు వాచి, చెవులు మూసుకుపోయి దిగిన అమ్మని ఆఫీసర్ "ఎన్నాళ్లుంటారు?" అని అడుగుతాడు. తిరుగు టికెట్ చేతిలో ఉంటే తేదీ చూపిస్తే అయిపోతుంది, ఇంగ్లీషులో పెద్దగా చెప్పాల్సిన పని లేదు. లేకపోతే "అమ్మాయి ఎప్పుడు పంపిస్తే అప్పుడు" అంటుంది. మనకది ప్రేమ. అతనికది తేదీ లేని జవాబు.

ఈ మాటల విషయంలో ఇంకోటి కూడా చెప్పాలి. కూతురి కానుపుకి వెళ్తూ "మనవడిని చూసుకోవడానికి" అని చెప్పేవాళ్లుంటారు. మనకు చూసుకోవడం, చూడటం రెండూ ఒకటే. అక్కడ అది జీతం లేని ఆయా పనిలా వినబడే అవకాశం ఉంది. అబద్ధం చెప్పక్కర్లేదు. వెళ్తున్నది కూతుర్నీ మనవడినీ చూడటానికే కదా, ఆ మాటే చెప్పమనండి.

టికెట్ తేదీ ఆర్నెల్ల లోపు వేయండి. ఆఫీసర్ మామూలుగా ఆరు నెలలు ఇస్తాడు, కానీ వీసా మీద పదేళ్లున్నా లెక్కలోకి వచ్చేది ఐ-94లో (దిగినప్పుడు వాళ్లు నమోదు చేసే ప్రవేశ రికార్డులో) ఉన్న తేదీయే. దిగిన రెండు రోజుల్లో ఆన్‌లైన్‌లో ఐ-94 తీసి చూసుకోండి, తిరుగు టికెట్ ఆ తేదీ దాటి ఉంటే అప్పుడే మార్చేయండి. కాబట్టి వీళ్లకు నేను చెప్పేది తేదీ మార్చుకునే రానూపోనూ టికెట్, ఎయిర్‌లైన్ దగ్గరే నేరుగా.

స్టూడెంట్ వీసా, ఉద్యోగ వీసా మీద వెళ్లేవాళ్లకు ఈ గోలేమీ లేదు. వాళ్లు వన్‌వేలో వెళ్లడమే సహజం.

రోజుల లెక్క

టికెట్ రకం సరిగ్గా ఎంచుకుని కూడా తేదీ దగ్గర బోల్తా పడేవాళ్లున్నారు. 30 రోజుల గడువంటే దిగిన రోజుతో కలిపి లెక్క. మలేషియాలో జనవరి 5న దిగితే ఫిబ్రవరి 3న బయటపడాలి. 'ఐదు నుంచి ఐదుకి నెల' అని మన ఇంటి అద్దె లెక్కలో ఫిబ్రవరి 5కి టికెట్ కొంటే అది ముప్పై రెండో రోజు. హైదరాబాద్ నుంచి అర్ధరాత్రి విమానాలు ఎక్కువ కాబట్టి ఇంకో తికమక: ఎక్కింది 4న, దిగింది 5న. లెక్క దిగిన తేదీ నుంచే. వెనక్కి వచ్చేటప్పుడు రాత్రి 12:20 విమానమైతే టికెట్ మీద మరుసటి రోజు తేదీ ఉంటుంది. మీరు పదకొండింటికే స్టాంపు వేయించుకున్నా, మీరెళ్లేటప్పుడు కౌంటర్లో చూసేది టికెట్ మీద తేదీనే. గడువుకి రెండు రోజుల ముందు తేదీకే టికెట్ తీసుకోండి, గొడవ ఉండదు.

డిజిటల్ అరైవల్ కార్డుతో (వెళ్లే ముందు ఆన్‌లైన్‌లో నింపే ఫారంతో) కూడా టికెట్ కలవాలి. మలేషియా కార్డు ఎండీఏసీలో వెళ్లిపోయే తేదీ అడుగుతారు. థాయ్‌లాండ్ కూడా 2025 మే 1 నుంచి టీడీఏసీ అనే ఇలాంటి కార్డే పెట్టింది. రెండూ ఉచితమే, ప్రభుత్వ సైట్లోనే నింపండి. డబ్బు అడిగే సైటు కనబడితే అది అసలుది కాదు.

ఆ రాత్రి తర్వాత నేను ఒక పని తప్పకుండా చేస్తున్నాను. బయలుదేరే ముందు రోజు కార్డులో ఇంటర్నేషనల్ ఆన్ చేసి, ఏదో ఒక చిన్న విదేశీ లావాదేవీ చేసి చూస్తాను. ముందుకెళ్లే టికెట్, హోటల్ బుకింగ్, తిరుగు టికెట్, మూడూ ప్రింట్ తీసి పాస్‌పోర్టు కవర్లో పెడతాను. ఫోన్లో ఉన్నాయి కదా అంటుంది మా ఆవిడ. దిగాక మన సిమ్ పనిచేయదు, ఎయిర్‌పోర్టు వైఫై లాగిన్ కోసం ఓటీపీ అడుగుతుంది, ఆ ఓటీపీ రావలసింది ఆ పనిచేయని సిమ్‌కే.